సూపర్‌మార్కెట్ సొంత బ్రాండు సరుకులు: ఏవి నిశ్చింతగా కొనవచ్చు, ఏవి చూసి కొనాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. కొత్తగా హైదరాబాదులో కాపురం పెట్టారు. ఇంటికి దగ్గరలో ఉన్న ఒక తక్కువ ధరల సూపర్‌మార్కెట్‌లో నెల సరుకులు తెచ్చుకుంటున్నారు. అక్కడ ఆ దుకాణం తన సొంత పేరుతో అమ్మే కందిపప్పు, మినపగుళ్లు, నూనె, కారం పేరున్న బ్రాండ్ల కంటే కిలోకు ఇరవై ముప్పై రూపాయలు తక్కువకు దొరుకుతున్నాయి. మీ అత్తగారు మాత్రం అవన్నీ పాలిష్ పట్టిన నాసిరకం సరుకులని, చిల్లర మిగులుతుందని ఆశపడి ఇంటిల్లిపాదికీ అవే వండి పెట్టవద్దని అంటున్నారు. ఆమె మాటలో నిజమెంత, కొంటే పెద్ద ప్యాకెట్లు కొనడం లాభమేనా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

నేను పదకొండేళ్లు ఒక పప్పు మిల్లులోనూ, ఆ తరువాత పద్నాలుగేళ్లు ఒక సూపర్‌మార్కెట్ సంస్థకు సరుకులు ప్యాక్ చేసే యూనిట్‌లో నాణ్యత పరీక్షించే విభాగంలోనూ పనిచేశాను. ఆ అనుభవంతో ముందుగా చెప్పదలచుకున్నది ఒక్కటే. సొంత బ్రాండు అనేది తయారుచేసిన వారి పేరు కాదు, కొన్నవారి పేరు. ఆ దుకాణానికి పొలం లేదు, చాలా సందర్భాల్లో మిల్లు కూడా లేదు. ఫలానా సైజు, ఫలానా రంగు, నూక ఇంత శాతానికి మించకూడదు, తేమ ఇంతకు మించకూడదు అని ఒక కాగితం మీద రాసి మిల్లరుకు ఇస్తారు. ఆ కాగితంలో ఏమి రాశారన్నదే నాణ్యత. కాబట్టి "సొంత బ్రాండు మంచిదా చెడ్డదా" అన్న ప్రశ్నకు మొత్తంగా ఒకే జవాబు ఉండదు. సరుకు సరుకుకూ విడివిడిగా చూసుకోవలసిందే.

ధర ఎందుకు తక్కువ అన్నది తెలిస్తే సగం అనుమానం తీరుతుంది. పేరున్న బ్రాండు ప్యాకెట్ ధరలో టీవీ ప్రకటనల ఖర్చు, పంపిణీదారు కమీషన్, దుకాణంలో కంటికి ఎదురుగా ఉండే అర కోసం ఇచ్చే సొమ్ము, ఇవన్నీ కలిసి ఉంటాయి. సొంత బ్రాండుకు ఇవేవీ ఉండవు. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయిలోని పవయిలో మొదటి డీమార్ట్ తెరిచినప్పటి నుంచి ఆ సంస్థ పాటిస్తున్న పద్ధతి అందరికీ తెలిసిందే: వీలైనంతవరకు దుకాణం స్థలం సొంతంగా కొనుక్కోవడం, సరఫరాదారులకు డబ్బు త్వరగా చెల్లించి దానికి బదులుగా ధర తగ్గించుకోవడం. మిల్లరు వైపు నుంచి చూసినవాడిగా చెబుతున్నాను, అరవై రోజులకు వచ్చే నూరు రూపాయల కంటే వారం రోజుల్లో వచ్చే తొంభై ఏడు రూపాయలే మిల్లుకు ముద్దు. అంటే ధర తగ్గడంలో కొంత భాగం సరుకు నాణ్యతతో ఏ సంబంధమూ లేకుండానే తగ్గుతుంది. డీమార్ట్ ప్రీమియా అయినా, రిలయన్స్ వారి గుడ్ లైఫ్ అయినా, బిగ్‌బాస్కెట్ వారి బీబీ రాయల్ అయినా, లెక్కలో ఈ ముక్క ఒకటే.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది గమనించరు. సొంత బ్రాండు ప్యాకెట్ మీద "ఎమ్మార్పీ 220, మా ధర 149" అని ఉంటే, 71 రూపాయలు మిగిలాయని మనం సంతోషిస్తాం. పేరున్న బ్రాండు విషయంలో ఎమ్మార్పీ నిర్ణయించేది కంపెనీ, తగ్గించేది దుకాణం. కాబట్టి ఆ తగ్గింపుకు ఎంతో కొంత అర్థం ఉంది. సొంత బ్రాండులో 220 అని వేయించిందీ, దాన్ని కొట్టివేసి 149 అని రాసిందీ ఒకే చెయ్యి. అందువల్ల సొంత బ్రాండు ప్యాకెట్ మీద తగ్గింపు ఎంత అన్నది అసలు చూడనే కూడదు. మీరు చెల్లించే ధరను బరువుతో భాగించి, పక్క ప్యాకెట్‌తోనూ, మీ వీధి కిరాణా కొట్టు ధరతోనూ పోల్చాలి. ప్యాక్ చేసిన సరుకుల నిబంధనలకు 2021 నవంబరులో తెచ్చిన సవరణ ప్రకారం గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీద ముద్రించాలి. కానీ ఆ ముద్రించిన లెక్క ఎమ్మార్పీ మీద వేసినది, మీరు చెల్లించే తగ్గింపు ధర మీద కాదు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయక తప్పదు.

ఈ లెక్క అన్నిటికంటే నూనెలో పనికివస్తుంది. అదే 2021 సవరణలో, కొన్ని సరుకులు నిర్ణీత బరువుల్లోనే ప్యాక్ చేయాలన్న పాత షరతు కూడా తీసివేశారు. అప్పటి నుంచి లీటరు ప్యాకెట్‌లాగే కనిపించే 850 గ్రాముల ప్యాకెట్, ఇంకా తక్కువ బరువు ఉన్న ప్యాకెట్ అన్నీ ఒకే అరలో పక్కపక్కన ఉంటున్నాయి. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఉదాహరణకు 850 గ్రాముల ప్యాకెట్ 150 రూపాయలకు, 910 గ్రాముల ప్యాకెట్ 155 రూపాయలకు ఉన్నాయనుకోండి. మొదటిది అయిదు రూపాయలు చవకగా కనిపిస్తుంది. వంద గ్రాములకు లెక్కిస్తే మొదటిది 17 రూపాయల 65 పైసలు, రెండవది 17 రూపాయల 3 పైసలు. చవక అనుకున్నదే ఖరీదు. ఈ చమత్కారం సొంత బ్రాండులోనూ ఉంది, పేరున్న బ్రాండులోనూ ఉంది. ఎవరినీ వేరుగా నిందించనవసరం లేదు.

బరువు సంగతి పక్కన పెడితే, రిఫైన్డ్ నూనె సొంత బ్రాండులో కొనడానికి నేను సంకోచించను. పొద్దుతిరుగుడు నూనెను శుద్ధి చేసే పెద్ద రిఫైనరీలు కాకినాడ, కృష్ణపట్నం వంటి రేవుల దగ్గర ఉన్నాయి; ఓడలో వచ్చిన ముడి నూనెను శుద్ధి చేశాక దాని రంగు, వాసన, ఆమ్లత్వం ఒక కొలతకు వచ్చేస్తాయి. శుద్ధి చేయడమంటేనే తేడాలు చెరిపివేయడం. చూడవలసింది రెండు మాటలే. "బ్లెండెడ్" అన్న మాట ఉంటే అది రెండు నూనెల మిశ్రమం. ఏది ఎంత శాతమో ప్యాకెట్ మీదే ఉంటుంది, అగ్‌మార్క్ ముద్ర కూడా ఉండాలి. ముందు వైపు వేరుశనగ బొమ్మ పెద్దదిగా ఉండి, వెనక వైపు వేరుశనగ నూనె ఇరవై శాతమే అని ఉన్న ప్యాకెట్లు నేను చూశాను. రెండవది, గానుగ నూనె. గానుగలో శుద్ధి లేదు కాబట్టి గింజ మంచిదైతేనే నూనె మంచిది. దాన్ని సొంత బ్రాండులో కాదు, గానుగ ఆడిస్తుండగా చూసి కొనుక్కోవడం నయం.

ఇక మీ ఇంట్లో అసలు తగాదా కందిపప్పు గురించి కాబట్టి, అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మీ అత్తగారు అన్న పాలిష్ మాట అబద్ధం కాదు, అయితే అది సొంత బ్రాండుకు మాత్రమే అంటగట్టవలసిన మాట కాదు. కందులు గట్టి పొట్టు ఉన్న గింజలు. పొట్టు వదులు కావడానికి మిల్లులో నూనె పట్టించి ఎండబెట్టడం పాత పద్ధతే. బద్దలయ్యాక నీటితోనో కొంచెం నూనెతోనో మెరుగు పెడతారు. మన పెద్దవాళ్లు ఆముదం పట్టించి కుండల్లో నిలవ చేసుకున్నది కూడా కందిపప్పే కదా. మెరుపు దానంతట అది కల్తీ కాదు. రంగు కలపడం కల్తీ, నేరం. ఈ రెంటినీ ఇంట్లో విడదీయడానికి ఒక సులువైన మార్గం ఉంది. గాజు గ్లాసులో చల్లని నీళ్లు పోసి, చెంచాడు పప్పు వేసి, కలపకుండా వదిలేయండి. నీళ్లు తెల్లగా మసకబారితే అది పప్పు పిండి, కంగారు పడనవసరం లేదు. వేసిన వెంటనే పసుపు తీగలు సాగుతూ దిగితే ఆ ప్యాకెట్ వండవద్దు, బిల్లుతో సహా వెనక్కి తీసుకువెళ్లండి.

మార్కెట్‌లో కందిపప్పుకు ఫట్కా, సవా నంబరు అని దర్జాలు ఉన్నాయి. ఫట్కా అంటే బద్ద నిండుగా, అంచులు విరగకుండా, ఒకే సైజులో ఉన్నది. సవా నంబరు దాని తరువాతది. రంగు మారిన గింజలను యంత్రం ఏరివేస్తే దాన్ని సార్టెక్స్ చేసిన పప్పు అంటారు. పేరున్న బ్రాండు ఎక్కువగా ఫట్కా కోసం డబ్బు పెడుతుంది. తక్కువ ధర సొంత బ్రాండులో సవా నంబరు, లేదా రెండూ కలిసినది ఉండవచ్చు. ఈ తేడా కంటికి బాగా కనిపిస్తుంది, కవర్ పారదర్శకంగా ఉంటుంది కాబట్టి అరలోనే చూడవచ్చు. కానీ నోటికి ఎంత కనిపిస్తుంది? సాంబారులోకో, పప్పుచారులోకో ఉడికించి మెదిపే పప్పుకు అంచు విరిగిందా లేదా అన్నది ఏమీ తేడా చేయదు. ముద్దపప్పులో నెయ్యి వేసుకుని తినే ఇంట్లో మాత్రం పప్పు ఏ ఊరిది అన్నది తెలుస్తుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఊరికే కాదు. ఆ పప్పుకు ఉండే కమ్మదనం వేరు. మన పంట చాలక మయన్మార్, మొజాంబిక్, టాంజానియాల నుంచి కందులు దిగుమతి అవుతాయి. మొజాంబిక్‌తో 2016లో ప్రభుత్వమే ఒప్పందం చేసుకుంది. ఆ కందులు ఇక్కడి మిల్లుల్లోనే ఆడి, ఇక్కడి పప్పుతో కలిసి కూడా వస్తాయి. అవి హానికరం కావు, కాకపోతే నా నాలుకకు వాటి రుచి కాస్త చప్పగా అనిపిస్తుంది.

సొంత బ్రాండులో ఉన్న అసలు లోటు, నా ఉద్దేశంలో, నాసిరకం కాదు, నిలకడ లేకపోవడం. ఈ నెల లాతూరు మిల్లు, వచ్చే నెల గుల్బర్గా మిల్లు, ఆపై నెల మరొకటి. ఎవరు ఆ వారం తక్కువకు ఇస్తే వారిది. అందుకే "పోయిన నెల మూడు విజిల్స్‌కు ఉడికింది, ఈ నెల అయిదు విజిల్స్ వచ్చినా పలుకు పోలేదు" అన్న ఫిర్యాదు మాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది. దీనికి మందు ప్యాకెట్ వెనక వైపే ఉంది. "మార్కెటెడ్ బై" అన్నచోట దుకాణం పేరు ఎప్పుడూ మారదు, దాన్ని వదిలేయండి. "ప్యాక్డ్ బై" లేదా "మాన్యుఫాక్చర్డ్ బై" అన్నచోట ఉన్న చిరునామా చూడండి. మీకు నచ్చిన ప్యాకెట్ చిరునామాను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే, మరుసటి నెల అదే అరలో అదే చిరునామా ఉన్న ప్యాకెట్ వెతుక్కోవచ్చు. నేను ఇప్పటికీ అలాగే కొంటాను. మా ఆవిడ దీన్ని నా ఉద్యోగపు పిచ్చి అంటుంది. అక్కడే ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఇచ్చే పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు కూడా ఉంటుంది. ఆ సంస్థ వెబ్‌సైటులో కొట్టి చూస్తే లైసెన్సు ఎవరిది, ఇంకా చెల్లుబాటులో ఉందా అన్నది తెలుస్తుంది.

మినపగుళ్ల విషయంలో కంటిని నమ్మవద్దు. తెల్లగా మెరిసే పాత గుళ్లు ఉంటాయి, కాస్త మసకగా ఉన్న కొత్త గుళ్లు ఉంటాయి. ఇడ్లీకి కావలసింది పిండి ఒదగడం. అరకిలో తెచ్చి, ఎప్పుడూ పోసే కొలతతో గ్రైండరులో వేసి, గిన్నెలో ఎంతవరకు వచ్చిందో చూడండి. కిలోకు ఇరవై రూపాయలు తక్కువైన గుళ్లు పావువంతు తక్కువ ఒదిగితే, మిగిలింది ఏమీ లేదు. ఒకసారి బాగా ఒదిగితే ఆ ప్యాకింగు నెల, ఆ చిరునామా ఉన్నవే ఇంకో రెండు కిలోలు తెచ్చుకోండి.

బియ్యానికి వస్తే, సంచి మీద ఉన్న ప్యాకింగు నెల ధాన్యం వయసు కాదు. నవంబరులో కోసిన ధాన్యం డిసెంబరులో ఆడించి జనవరిలో సంచికి ఎత్తినా జనవరి అనే ఉంటుంది. ఏడాది మాగబెట్టిన ధాన్యం ఆడించి అదే జనవరిలో సంచికి ఎత్తినా జనవరి అనే ఉంటుంది. మొదటిది ముద్దవుతుంది, రెండవది పలుకు పలుకుగా వస్తుంది, ధరలో కిలోకు అయిదారు రూపాయల పైనే తేడా ఉంటుంది. సొంత బ్రాండు సంచి మీద "పాత బియ్యం" అని స్పష్టంగా లేకపోతే కొత్తవనే అనుకోండి. "సోనా మసూరి" అన్న పేరు కూడా ఇప్పుడు సన్నబియ్యానికి వాడుక పేరైపోయింది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, తెలంగాణ సోనా అనే ఆర్‌ఎన్‌ఆర్ 15048, జైశ్రీరాం, ఇవన్నీ ఆ ఒక్క పేరు కిందే అమ్ముడుపోవడం మామూలే. ఇంట్లో షుగరు ఉన్నవారు తెలంగాణ సోనాయే కావాలనుకుంటే సంచి మీద ఆ పేరే ఉన్నది కొనాలి తప్ప, సన్నగా ఉన్నాయి కదా అని సోనా మసూరి సంచి తెచ్చుకోకూడదు. కిలో తెచ్చి వండి చూసిన తరువాతే పెద్ద సంచి.

సంచి మాట వచ్చింది కాబట్టి పన్ను గురించి రెండు వాక్యాలు. 2022 జూలై 18 నుంచి, బ్రాండు ఉన్నా లేకపోయినా, 25 కిలోల వరకు ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. ఆ తరువాతే మన ఊళ్లలో 26 కిలోల బియ్యం బస్తాలు వెలిశాయి. అదే సూపర్‌మార్కెట్‌లో డబ్బాల్లో పోసి తూచి ఇచ్చే లూజు పప్పుకు ఈ పన్ను లేదు, చేత్తో తీసుకుని చూడవచ్చు కూడా. తేదీ, చిరునామా తెలియకపోవడం, నలుగురి చేతులు పడడం దాని లోపం.

పంచదార, ఉప్పు గురించి ఆలోచించి సమయం వృథా చేసుకోవద్దు. పంచదారలో పలుకు సైజును బట్టి ఎం-30, ఎస్-30 అన్న రకాలే తప్ప బ్రాండు మహిమ ఏమీ లేదు. ఉప్పు మీద అయొడైజ్డ్ అని ఉంటే చాలు.

పొడుల దగ్గర మాత్రం నా సలహా పూర్తిగా మారుతుంది. పప్పు, బియ్యం కంటికి కనిపిస్తాయి కాబట్టి మోసం కష్టం. పొడి చేశాక ఏది ఎంత ఉందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. కారంలో ఘాటు కోసం తేజ రకం మిరప, రంగు కోసం బ్యాడిగి రకం మిరప కలపడం అందరూ చేసేదే. కానీ తక్కువ ధరకు కారం కావాలని కాగితం మీద రాసినప్పుడు మిల్లరు తొడిమలు, గింజలు ఎక్కువ పడనిస్తాడు. ఎండుమిరపకాయలు, పసుపు కొమ్ములు, ధనియాలు సొంత బ్రాండులోనే కొని, ఎండబెట్టి, గిర్నీలో ఆడించుకోండి. అది కుదరకపోతే ఈ ఒక్క చోట పేరున్న బ్రాండుకు డబ్బు పెట్టడం తప్పు కాదు.

పిండి విషయంలో నేనే మోసపోయాను, నిజానికి మోసపోవడం అనడం కూడా న్యాయం కాదు. ఒక సంక్రాంతికి మా ఇంట్లో జంతికల కోసం ఒక దుకాణం సొంత బ్రాండు పిండి నాలుగు కిలోలు తెచ్చాను. ప్యాకెట్ మీద జంతికలు, బజ్జీల బొమ్మలున్నాయి, ధర శనగపిండి కంటే బాగా తక్కువ. జంతికలు రాళ్లలా వచ్చాయి. తీరా చూస్తే వెనక వైపు చిన్న అక్షరాల్లో శనగపిండి, పసుపు బఠాణీ పిండి అని రాసే ఉంది. అచ్చంగా శనగపిండే అని వారు ఎక్కడా అనలేదు, నేను అనుకున్నాను. పాతికేళ్లు లేబుళ్లు చదివి జీతం తీసుకున్నవాడిని, సొంత ఇంటికి వచ్చేసరికి బొమ్మ చూసి కొన్నాను. పిండిలో ముడిపదార్థాల వరుస మొత్తం చదవండి, ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. నెయ్యిని నేను సొంత బ్రాండులో కొనను. నెయ్యిలో వేరే కొవ్వు కలిసిందో లేదో ఇంటి పరీక్షలతో తేలదు, అయొడిన్ చుక్క వేసి చూసేది పిండి పదార్థాన్ని మాత్రమే పట్టిస్తుంది. కొనక తప్పకపోతే అగ్‌మార్క్ ఉన్నది చిన్న సీసా తెచ్చి రుచి చూడండి.

ఏ ప్యాకెట్‌లోనైనా పురుగు, రంగు, తక్కువ బరువు కనిపిస్తే కవర్ పారేయకుండా బ్యాచ్ నంబరు, బిల్లు పెట్టుకుని దుకాణంలోనే అడగండి. సొంత పేరు మీద ఉన్న సరుకు కాబట్టి "కంపెనీని అడగండి" అని వారు తప్పించుకోలేరు. సొంత బ్రాండు కొనడంలో ఉన్న సౌకర్యం ఇది. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

పెద్ద ప్యాకెట్ల సంగతి చివరికి మిగిలింది. ఇద్దరు ముగ్గురు ఉన్న ఇంట్లో నెలకు కందిపప్పు రెండు కిలోలు మించదు. అయిదు కిలోల ప్యాకెట్‌లో కిలోకు మూడు నాలుగు రూపాయలు తగ్గినా, జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉండే చెమ్మలో తెరిచిన ప్యాకెట్ రెండు నెలలు నిలవ ఉంటే పురుగు పట్టే అవకాశమే ఎక్కువ. రవ్వ, పిండి, వేరుశనగ గుళ్లు అయితే ఇంకా త్వరగా ముక్కిన వాసన వస్తాయి. పంచదార, ఉప్పు, నూనె పెద్దవి తీసుకోండి. పప్పులు కిలో ప్యాకెట్లుగానే తీసుకుని, అరలో ముందు వరుసలో ఉన్నవి కాకుండా వెనక వరుసలోవి తీయండి. పాత తేదీ ప్యాకెట్లను ముందుకు సర్దడం ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా సిబ్బందికి మొదటిరోజు నేర్పే పని. మొదటి నెల కందిపప్పు మాత్రం సొంత బ్రాండుది, పేరున్న బ్రాండుది ఒక్కొక్క కిలో తెచ్చి, ఏ ప్యాకెట్ ఏదో చెప్పకుండా ఒకే కుక్కరులో రెండు గిన్నెల్లో ఉడికించి, మీ అత్తగారికే వడ్డించి చూడండి.